చాటక్క రక్తంలో సెగ

నాటకశాలలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ చాటక్కే. రంగస్థలం పక్కన, ప్రేక్షకులకు కనపడని మూలలో ఒక ఎత్తుపీట మీద కూర్చునేది. నీలం కాగితం చుట్టిన చిన్న దీపం వెలుగులో నాటకం ప్రతి చూసుకుంటూ, నటుడెవరైనా మాట మరిచిపోయి గుడ్లు తేలేస్తే ఆ మాటను గుసగుసగా అందించేది. చాటున ఉండే అక్క కాబట్టి చాటక్క. ఆ గుసగుస నటుడి చెవికి సూటిగా చేరేది. మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకు మాత్రం ఎక్కడో గాలి కదిలినట్టు కూడా అనిపించేది కాదు.

ఆవిడకు గుండెజబ్బు ఉందని తెలిసి కొన్నేళ్ళయింది. ఉన్నట్టుండి పడేసే జబ్బు కాదది. గుండె రోజురోజుకీ కాస్త కాస్త అలిసిపోతూ, రక్తాన్ని పంపవలసినంత బలంగా పంపలేకపోయే జబ్బు. సాయంత్రానికి పాదాలకు నీరు పట్టేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం ముంచుకొచ్చేది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు కాబట్టి దిండ్లు పేర్చుకుని, వాటికి ఆనుకుని, సగం కూర్చునే నిద్రపోయేది. కూర్చుని నిద్రపోయేవాళ్ళకు కలలు మరీ దగ్గరగా వస్తాయో ఏమో, మధ్యాహ్నం కునుకు పట్టగానే ఆడేసిన నాటకాల్లోని మనుషులందరూ ఆవిడ గదిలోకి వచ్చేవాళ్ళు. ఒక నాటకంలోని దొంగ ఇంకో నాటకంలోని పెళ్ళికూతురుకి మంచినీళ్ళందించేవాడు. ఎప్పుడో మంటల్లో పోయిన వర్తకుడు కిటికీ దగ్గర నిలబడి వాన చూసేవాడు. మెలకువ వచ్చాక కూడా కాసేపటిదాకా ఆ మనుషుల తడి చెప్పుల చప్పుడు ఆవిడకు వినిపిస్తూనే ఉండేది.

ఆవిడ ఉండేది తమ్ముడితో. తమ్ముడికి కళ్ళజోళ్ళ కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. భార్య పోయాక అతనికి అక్కే దిక్కు, అక్కకు అతనే దిక్కు. మెట్ల మలుపులో ఒక మడతకుర్చీ వేసి ఉంచాడు. అక్క అక్కడ కూర్చుని అలుపు తీర్చుకునేదాకా తనూ గోడకానుకుని ఆ మాటా ఈ మాటా చెప్పేవాడు. తన కోసం ఆగాడని అక్కకు అనిపించకూడదని అతని తాపత్రయం. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలియనట్టు ఉండేది.

ఆ ఏడు కొత్త నాటకం మొదలుపెట్టారు. సముద్రం మీద అలిగి దీపస్తంభమెక్కి కూర్చున్న మహారాజు కథ. మహారాజు వేషం, అన్ని మహారాజుల వేషాల లాగానే, రాజావారిది. రాజావారంటే నిజంగా రాజు కాదు. జీవితమంతా కిరీటాలే పెట్టుకున్న ముసలి నటుడు. బయట కూరగాయల బేరం చేసినా రాజుగారి గొంతుతోనే చేస్తాడు. ఈ మధ్య ఆయనకు మరుపు బాగా ఎక్కువైంది. "చాటక్క పీట మీద ఉంటేనే నేను గడప దాటి లోపలికొస్తా" అని దర్శకురాలికి తెగేసి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే చాటక్కకు పన్ను నొప్పి పట్టుకుంది. పై వరసలో ముందుపళ్ళకు ఆనుకుని ఉన్న పన్ను. మొదట చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. తర్వాత ఏమీ తగలకపోయినా జివ్వుమనేది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే పీకేస్తాడు. పీకేస్తే ఆ సందులోంచి గాలి పోతుంది. సకారం పలికినప్పుడల్లా ఈల వస్తుంది. ఒకప్పుడు ఒక నటుడికి అలాగే పన్ను ఊడి, కన్నతల్లి పోయిన సన్నివేశంలో "సెలవమ్మా" అనగానే హాలంతా గొల్లుమంది. గుసగుసతో బతికే మనిషికి ఈల తోడైతే ఇంకేమైనా ఉందా? అందుకని నోరు మెదపలేదు. పన్ను నొప్పిని పంటి బిగువున భరించడం ఆవిడకే చెల్లింది.

గుండె క్లినిక్‌లో డాక్టరమ్మ ముక్కుసూటి మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ నెల మామూలు పరీక్షలతోపాటు రక్తంలో ఇంకొకటి కూడా చూసింది.

"సి.ఆర్.పి. అంటారమ్మా దీన్ని," అంది కాగితం తమ్ముడి వైపు తిప్పి. "ఒంట్లో ఎక్కడైనా సెగ రగులుతుంటే ఈ అంకె పెరుగుతుంది. ఎక్కడ రగులుతోందో మాత్రం చెప్పదు. తెల్లకణాల లెక్క కూడా అదే మాట అంటోంది. గుండె నీరసంగా ఉన్నవాళ్ళలో ఇది కొంచెం ఎక్కువే ఉంటుంది. మీ అక్కగారికి ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది."

"గుండె వల్లేనా డాక్టరుగారూ?" తమ్ముడు అడిగాడు.

"కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. దగ్గు ఉందా అమ్మా? మూత్రంలో మంట? ఒంటి మీద పుండ్లు? కీళ్ళ వాపు? పళ్ళు నొప్పి?"

అన్నింటికీ ఒకే వరసలో "లేదు లేదు" అనేసింది చాటక్క. చివరి "లేదు" దగ్గర మాత్రం నాలిక తనంతట తానే వెళ్ళి పన్నును ముట్టుకుని వచ్చింది. గుండె ఎక్కడ, పన్ను ఎక్కడ? ఈ మహాతల్లికి పళ్ళతో ఏం పని అనుకుంది.

తర్వాతిసారి వెళ్ళేసరికి ఆ అంకె ఇంకా పైకెక్కింది. డాక్టరమ్మ కాగితాన్ని చాలాసేపు చూసింది. తమ్ముణ్ణి మందులు తెమ్మని కిందికి పంపించి, చాటక్క కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

"డాక్టరమ్మా, దాచకుండా చెప్పండి. ఇది ఇలా పెరుగుతూ పోతే ఏమవుతుంది?"

"దాచను. మీలాంటి జబ్బున్నవాళ్ళని వందలమందిని ఏళ్ళ తరబడి చూసి కట్టిన లెక్కలున్నాయి. ఈ అంకె ఎక్కువగానే ఉండిపోయినవాళ్ళు ఎక్కువసార్లు ఆసుపత్రిలో చేరారు. వాళ్ళలో తొందరగా పోయినవాళ్ళు కూడా ఎక్కువే. అందరూ కాదు. ఆ గుంపులో మీరు ఏ వైపున ఉన్నారో ఈ కాగితం చెప్పలేదు, నేనూ చెప్పలేను."

"నాటకం మొదలయ్యేదాకా ఉంటానా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఉంటారనే నా నమ్మకం. కానీ ఎందుకు పెరుగుతోందో నాకు అంతుపట్టట్లేదు. అదే నాకు నచ్చట్లేదు."

మెట్లు దిగుతుంటే చాటక్కకు భయం వేయలేదు. అదే వింత. పల్చటి నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుంది. వీధిలో బళ్ళ మోత ఎక్కడో దూరాన ఉంది. పూలకొట్టు ముందు బకెట్‌లో నీళ్ళు పోస్తున్న మనిషి, ఆ నీటి మీద వణికే ఆకాశం ముక్క, బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న ఆడమనిషి. అన్నీ ఎవరో తనకోసమే నెమ్మదిగా తిప్పి చూపిస్తున్నట్టున్నాయి. నేను లేకపోయినా ఈ బకెట్‌లో నీళ్ళు పోస్తూనే ఉంటారు అనుకుంది. ఆ మాట ఆవిడకు చేదుగా తగల్లేదు.

ఆ తర్వాతి రోజులు అలాగే తేలుతూ గడిచాయి. రిహార్సల్ లేని మధ్యాహ్నాలు కొట్లో తమ్ముడి పక్కన కూర్చునేది. అతను కళ్ళ పరీక్షకు వాడే ఇనుప ఫ్రేము పెట్టుకుని ఒక్కొక్క అద్దం మార్చి వీధిలోకి చూసేది. ఒక అద్దంలో ఎదురింటి గోడ మీద ప్రతి పగులూ కనిపించేది. ఇంకో అద్దంలో ఆ గోడే కరిగి పొగమంచయ్యేది. మంచులోంచి మనుషులు వచ్చి మంచులోకి వెళ్ళిపోయేవాళ్ళు.

"తమ్ముడూ, నేను పోయాక ఆ మెట్ల మీద కుర్చీ తీసెయ్. చీకట్లో కాలికి తగిలి పడతావు," అంది ఒకరోజు, వాన గురించి మాట్లాడినట్టుగా.

అతను తుడుస్తున్న అద్దం కిందపెట్టాడు. "ఏంటక్కా ఆ మాటలు? డాక్టరమ్మ నీతో ఏమంది? నన్ను మందులకు పంపించినప్పుడే అనుకున్నాను."

"ఏమంటుంది, నాలాంటివాళ్ళని వందలమందిని చూసి కట్టిన లెక్కలు చెప్పింది."

"లెక్కలా? ఆ వందలమందిలో మెట్ల మలుపులో కూర్చుని నన్ను తిట్టేవాళ్ళు ఒక్కళ్ళున్నారా? నీ లెక్క నీదే. నోటికొచ్చింది మాట్లాడకు." అని గబగబా లోపలికెళ్ళి, ఏ పనీ లేని అలమర తలుపు తీసి, దానిలోకి తల దూర్చి చాలాసేపు నిలబడ్డాడు. చాటక్క వెళ్ళి అతని వీపు మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు ఉరుములకు జడిసి పెట్టె వెనక దూరిన పిల్లాడి వీపులాగే ఉంది అది.

ఇంకొన్నాళ్ళకు ఆవిడ కుడి బుగ్గ ఉబ్బింది.

"ఏం నములుతున్నావు చాటక్కా? మాకు పెట్టకుండా నువ్వొక్కదానివే తింటున్నావా?" అన్నాడు రాజావారు, దీపస్తంభం మెట్ల మీంచి.

"నమలడమా, నా మొహమా! గుండె నీరండీ. ఇన్నాళ్ళూ కాళ్ళకొచ్చేది. ఇప్పుడు బుగ్గకెక్కింది."

అబద్ధమాడుతున్నానని ఆవిడ అనుకోలేదు. నిజంగానే అలా అయి ఉంటుందని సగం నమ్మింది. విన్నవాళ్ళు పూర్తిగా నమ్మారు. రాజావారు కిరీటం తీసి చంకలో పెట్టుకుని, తన శాలువా తెచ్చి ఆవిడ భుజాల చుట్టూ కప్పాడు.

ఆ శాలువా వెచ్చదనంలోనే కునుకు పట్టింది. ఒళ్ళు సలసలా కాగుతోందని ఆవిడకు తెలియదు. నీలం వెలుగు నెమ్మదిగా వెడల్పయి సముద్రమైంది. సముద్రం ఒడ్డున పాత నాటకంలోని చేపలమ్మే మనిషి బుట్ట దించుకుని, మాట మరిచిపోయి నిలబడింది. అయ్యో పాపం అనుకుని చాటక్క ఆమెకు మాట అందించింది. ఎప్పటిలాగే స్పష్టంగా, సూటిగా.

రిహార్సల్ సాగుతున్న రంగస్థలం మీద మహారాజు సరిగ్గా అప్పుడే మాట కోసం తడుముకుంటున్నాడు. చెవిన పడ్డదాన్ని పడ్డట్టే అందుకున్నాడు. దీపస్తంభం మీంచి చెయ్యి చాచి, గంభీరంగా, "పొద్దున పట్టిన చేపలమ్మా! మొప్పలెత్తి చూసుకోండి, వాసన చూసి తీసుకోండి!" అన్నాడు.

మంత్రి వేషం కట్టినవాడు నాలిక కరుచుకున్నాడు. ఎవరో పకపకా నవ్వారు. మహారాజు మాత్రం ఇంకా చెయ్యి చాచే ఉన్నాడు, తర్వాతి మాట కోసం చూస్తూ. తర్వాతి మాట రాలేదు. దర్శకురాలు పరుగున వెళ్ళి చూస్తే చాటక్క గోడకు తల వాల్చి, పెదవులు కదుపుతోంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. నవ్వినవాళ్ళ నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

తమ్ముడికి కబురు వెళ్ళింది. కొట్టు తలుపు తీసి ఉంచి అలాగే పరుగెత్తుకొచ్చాడు. టాక్సీలో క్లినిక్‌కు చేరేసరికి చాటక్కకు తెలివొచ్చింది. కళ్ళు తెరిచి మొదట అడిగింది, "రాజావారికి మాట అందిందా?" అని.

"అందింది, బ్రహ్మాండంగా అందింది. చేపలమ్మేశాడు," అన్నాడు తమ్ముడు, ఏడవాలో నవ్వాలో తెలియక.

డాక్టరమ్మ పాదాలు చూసింది. పాదాలు ఎప్పటికంటే నయంగానే ఉన్నాయి. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది. తర్వాత మొహం తన వైపుకి తిప్పుకుని బుగ్గ చూసింది.

"ఇది ఎన్నాళ్ళనించి?"

"గుండె నీరు డాక్టరమ్మా," అంది చాటక్క నీరసంగా.

"గుండె నీరు ఒక్క బుగ్గకే రావడం నేనెక్కడా చదవలేదమ్మా. నోరు తెరవండి."

చెక్కపుల్లతో అలా తట్టిందో లేదో, చాటక్క మంచం మీంచి జానెడు ఎత్తు లేచింది. అంత ఆయాసంలోనూ ఆవిడ నోట్లోంచి వచ్చిన కేకకు పక్క గదిలో నర్సు ఏదో జారవిడిచిన చప్పుడైంది.

"పన్ను!" అంది డాక్టరమ్మ. "వేరు కింద చీము పట్టింది. అమ్మా, మిమ్మల్ని అడిగాను కదా! పళ్ళు నొప్పి ఉందా అని నోరు తెరిచి అడిగాను కదా!"

"గుండె డాక్టరుగారు కదా, పంటి సంగతి మీకెందుకులే అని..."

"ఆ అంకె పెరగడానికి ఇదే కారణం అయి ఉండొచ్చు. ఈ చీము రక్తంలోకి పాకితే గుండె కవాటాలకు కూడా ముప్పే. అడిగి ఊరుకున్నాను, నేనైనా ఒకసారి లోపలికి చూడాల్సింది." కుర్చీలో వెనక్కి వాలి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇన్ని రోజులు నిద్ర పట్టకుండా చేశారు కదమ్మా మీరు."

తమ్ముడు మాత్రం నవ్వలేదు. బయట బల్ల మీద అక్క పక్కన కూర్చున్నాక అన్నాడు. "కుర్చీ తీసెయ్యమన్నావు. ఒక్క పన్ను దాచుకుని కుర్చీ తీసెయ్యమన్నావు నన్ను."

"ఈల వస్తుందని భయపడ్డాన్రా."

"వస్తే రానీ! ఈల వేసే అక్క నాకు చాలు."

ఆవిడ అతని చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి మందులు ఎక్కించి, జ్వరం దిగాక పన్ను తీశారు. పళ్ళ డాక్టరు భారీ మనిషి. చేతులు మాత్రం పసిపిల్లకు జడ వేసేంత మెత్తన. వెనక్కి వాలిస్తే ఆయాసం వస్తుందని నిటారుగా కూర్చోబెట్టే తీశాడు. ముందు ఎంతసేపు భయపడిందో అంతసేపు కూడా పట్టలేదు. నోట్లో దూది తీశాక, "సరేనా అమ్మా?" అని అడిగాడు.

"స్స్స్సరే," అంది చాటక్క. సన్నటి ఈల ఒకటి గది దాటి వరండాలోకి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చాక మొదటి రిహార్సల్‌లో "సముద్రమా" అన్న మాట అందించగానే రాజావారు ఎక్కడో టీ నీళ్ళు మరుగుతున్నాయనుకుని వెనక్కి తిరిగి చూశాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. తర్వాత ఇంటి దగ్గర అద్దం ముందు కూర్చుని నాలికను ఆ సందులో అడ్డం పెట్టి పలకడం నేర్చుకుంది. వారం తిరక్కుండానే గాలి దారి మూసుకుంది. అప్పుడప్పుడు తప్పించుకుని వచ్చే ఒకటీ అరా ఈల, సముద్రం కథ కాబట్టి గాలి చప్పుళ్ళలో కలిసిపోయింది. నాటకం బాగా ఆడింది.

రక్తపరీక్షలో అంకె కిందికి దిగింది. తమ్ముడు కాగితాన్ని వెలుగులోకి ఎత్తి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. డాక్టరమ్మ అతని ఆనందాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చి, అప్పుడు చెప్పింది. "పంటి వాటా పోయింది. మిగిలింది గుండె వాటా. అది మామూలువాళ్ళ కంటే ఎక్కువే. గుండె కొత్తది అయిపోలేదు. ఆ మాట గుర్తుంచుకోండి."

చాటక్క గుర్తుంచుకుంది.

చలికాలం వచ్చింది. అంకె మళ్ళీ నెమ్మదిగా, చప్పుడు లేకుండా పెరగడం మొదలుపెట్టింది. ఈసారి డాక్టరమ్మ దేన్నీ వదల్లేదు. పళ్ళు, ఊపిరితిత్తులు, మూత్రం, చర్మం, కీళ్ళు అన్నీ వెతికింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. చాటక్క ఆమె మొహం చూసి తనే అడిగింది.

"ఇది గుండెదేనా?"

"గుండెదేనమ్మా."

"దీన్ని పీకలేరు కదా."

"లేము. మందులు మారుస్తాను. వీలైనంత తేలిగ్గా ఉండేలా చూస్తాను. నేనున్నాను."

ఎన్నాళ్ళని ఈసారి చాటక్క అడగలేదు. డాక్టరమ్మ ఆ కాసేపూ ఆవిడ మణికట్టు పట్టుకునే కూర్చుంది. నాడి చూడడం ఎప్పుడో అయిపోయింది.

చాటక్క నాటకశాల పని మానేసింది. ఎత్తుపీట ఎక్కడం ఇంక ఆవిడ వల్ల కాలేదు. ఆ చోటికి వచ్చిన కొత్త అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, రాజావారు ఏ మాట దగ్గర తడబడేముందు కుడి భుజం ఎగరేస్తాడో, ఏ మాట దగ్గర ఊరికే సాగదీస్తున్నాడో అన్నీ చెప్పింది. ఆ తర్వాత ఇంట్లోనే. పొద్దున పొగమంచు కిటికీకి ఆనుకుని కూర్చుంటే, ఆవిడ దిండ్లకు ఆనుకుని దాన్ని చూసేది. కలల్లోని మనుషులు ఇప్పుడు తొందరపడకుండా వచ్చేవాళ్ళు. వచ్చి ఎంతసేపైనా కూర్చునేవాళ్ళు.

ఒకనాడు తమ్ముడు మామూలుగా, "అక్కా, నువ్వు ఒక్కసారైనా నాటకాన్ని ముందునించి చూశావా?" అని అడిగాడు.

ఆలోచించింది. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా చూడలేదు. ఎప్పుడూ పక్కనుంచే. వీపులు, చెంపలు, చెమట పట్టిన మెడలు. ఎదురుగా ఎలా ఉంటుందో ఆవిడకు తెలియనే తెలియదు.

ఆ ఆదివారం సాయంత్రం ఆటకు తీసుకెళ్ళాడు. మెట్లు లేని దారి దర్శకురాలే చూపించింది. మధ్య వరసలో మెత్తటి కుర్చీ. దీపాలు ఆరిపోయాయి. తెర పైకి లేవగానే చాటక్క తమ్ముడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. సముద్రం అంత వెడల్పుగా ఉంటుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. దీపస్తంభం మీంచి వెలుగు చుట్టూ తిరిగి వచ్చి, హాల్లో అందరి మొహాలనూ తడిపి, ఆవిడ మొహాన్నీ తడిపి వెళ్ళింది. రాజావారు పూర్తి మనిషిగా, రెండు కళ్ళతో, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడు. కొంతసేపటికి ఆవిడ పెదవులు కదపడం మానేసి ఊరికే విన్నది. ఇంకొంతసేపటికి తల వాలిపోయింది. తమ్ముడు ఒక్కసారి ఆవిడ ఛాతీ వైపు చూశాడు. శాలువా నిదానంగా పైకీ కిందికీ కదులుతోంది. లేపలేదు.

చప్పట్లకు ఉలిక్కిపడి లేచి, తనూ గట్టిగా కొట్టింది.

టాక్సీలో ఇంటికి వస్తూ చాలాసేపు కిటికీలోంచి తడి వీధుల్ని చూసి, తమ్ముడి వైపు తిరిగింది.

"ఆ రాజావారి గడ్డం ఒక పక్కకి వాలి ఉందిరా. చూశావా?"

"ఎప్పుడూ అలాగే ఉంటుందిగా అక్కా."

"ఎప్పుడూనా? ఎవరూ చెప్పలేదే ఆయనకి!" అంది చాటక్క ఆశ్చర్యపోతూ. "రేపు ఫోను కలిపి ఇవ్వు నాకు. నేను చెప్తాను."